వీడ్కోలు సంచికకు హాస్యచిత్రాలు రాయబోయే చిన్న సంపాదకునికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ ఏడాది మన బడి వార్షిక సంచికలో తెలుగు విభాగానికి నిన్ను సంపాదకుడిగా ఎన్నుకున్నారనీ, పన్నెండో తరగతి ముగించుకుని వెళ్లిపోతున్న నలభైమంది అన్నయ్యల మీద తలా ఒక హాస్యచిత్రం, అంటే మనిషిని మాటల్లోనే చూపించి నవ్వించే చిన్న రచన, రాసే పని నీ భుజాన పడిందనీ మీ తెలుగు సార్ ఫోన్ చేసి చెప్పారు. నువ్వు రాసిన రెండు నమూనాలు కూడా పంపించారు. మగపిల్లల బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ ఈ పేజీలు నా చేతుల మీదుగానే అచ్చుకు వెళ్లేవి కాబట్టి, నాకు తెలిసినంత నీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదువు.

ముందు నీ నమూనాల సంగతి చెబుతాను. మొదటిదాంట్లో ఒక అన్నయ్యను ‘క్యాంటీన్ కింగ్, తిండిలో టాప్, చదువులో ఫ్లాప్’ అన్నావు. రెండోదాంట్లో ఇంకొకరి పొడవును తాటిచెట్టుతో పోల్చి నాలుగు ప్రాస పంక్తులు కట్టావు. నీకు మంచి చెవి ఉంది, మాటలు ఒకదాని వెంట ఒకటి చక్కగా వస్తున్నాయి. కానీ ఆ రెండింటిలోనూ మనిషి కనిపించలేదు. ‘క్యాంటీన్ కింగ్’ అన్న మాటను ఈ ఊళ్లో ఏ బడిలో ఏ భోజనప్రియుడి ఫొటో కింద అచ్చు వేసినా సరిపోతుంది. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: పైనున్న పేరును చేత్తో మూసి చదివినా, అది ఎవరి గురించి రాసిందో తరగతి మొత్తానికి రెండో వాక్యానికల్లా తెలిసిపోవాలి. తెలియకపోతే ఆ చిత్రం ఇంకా రాయనట్టే లెక్క.

అదే అన్నయ్యను ఇంటర్వెల్‌లో వరుసగా వారం రోజులు చూడు. గంట కొట్టకముందే అతని కాళ్లు బల్ల కింద నుంచి పక్కకు తిరిగి ఉంటాయా? క్యాంటీన్ కిటికీ దగ్గర తన వంతు వచ్చేదాకా ఊరుకుంటాడా, లేక వెనకున్నవాళ్ల డబ్బులన్నీ పోగుచేసి అందరి తరఫున తానే కొంటాడా? నేను ఎరిగిన ఒక విద్యార్థి తన సమోసా మూలను విరిచి ముందు పక్కవాడికి పెట్టేవాడు. ఆ మర్యాదకు మొహమాటపడి పక్కవాడు తన సమోసా చాచితే, అందులో మూల ఒక్కటే వదిలి మిగతాది తాను తీసుకునేవాడు. ఈ ఒక్క సంగతి ఉన్నదున్నట్టు రాస్తే చాలు, హాల్లో రెండు నిమిషాలు నవ్వు ఆగదు. అక్కడ తిండిపోతు అన్న మాట గానీ, ఫ్లాప్ అన్న మాట గానీ అక్కరలేదు. పైగా ఆ పిల్లవాడి తల్లి కూడా అందరితో కలిసి నవ్వుతుంది, ఎందుకంటే ఇంట్లో చెల్లెలి దగ్గర కూడా అతను చేసేది అదే.

కాబట్టి రాయడం కంటే ముందు చూడడం నేర్చుకో. విశేషణాలు చూడకుండా కూడా రాయవచ్చు. చేసిన పనులను మాత్రం చూస్తే తప్ప రాయలేము. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఒక్కొక్క అన్నయ్యకు ఒక్కొక్క పేజీ కేటాయించు. అతను మాటిమాటికీ అనే మాట, కూర్చునే చోటు, చేతిలో ఎప్పుడూ ఉండే వస్తువు, ఇబ్బంది వచ్చినప్పుడు చేసే పని, ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు చేసే పని అందులో రాసుకో. గంట మోగడానికి నిమిషం ముందే సందేహం అడిగే అన్నయ్య ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. అతను సరిగ్గా ఏ మాటతో మొదలుపెడతాడో, ఆ మాట వినగానే వెనక బెంచీలో ఎవరు తల పట్టుకుంటారో నీకు తెలియాలి. బౌండరీ దగ్గర నిలబడి బౌలర్ కంటే గట్టిగా అప్పీలు చేసే అన్నయ్య ఉంటాడు. అతని గొంతు విని పక్క మైదానంలో అంపైర్ కూడా వేలు ఎత్తాడన్నది నిజంగా జరిగిందో లేదో ఇద్దరిని అడిగి తెలుసుకో. జరగనిది జరిగిందని రాస్తే, తోటివాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఆ తర్వాత నువ్వు రాసిన నిజాన్ని కూడా నమ్మరు.

సమాచారం కోసం తరగతిలోని వాళ్లనే అడిగితే అందరూ అవే నాలుగు ముచ్చట్లు చెబుతారు. వాచ్‌మన్‌ను అడుగు, ల్యాబ్ అటెండర్‌ను అడుగు, క్యాంటీన్ నడిపే ఆయనను అడుగు, బడి బస్సు డ్రైవర్‌ను అడుగు. ముఖ్యంగా పి.టి. సార్‌ను వదలవద్దు, గెలిచినప్పుడు ఎవరు ఎలా ఉంటారో, ఓడినప్పుడు ఎవరు ఎలా ఉంటారో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. లైబ్రరీలో ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు కూడా ఒకసారి తిరగేయి. పన్నెండో తరగతి ఫిజిక్స్ గైడు అని చెప్పి రెండేళ్లుగా పిల్లల బొమ్మల పుస్తకాలు తీసుకువెళ్తున్న అన్నయ్య అందులో దొరికితే, అదృష్టం నీదే.

మన హైదరాబాద్ నగరానికి ఈ రచనలో మంచి వారసత్వమే ఉంది. ఢిల్లీ నుంచి వచ్చి నిజాం కొలువులో పనిచేసి, 1947లో ఇక్కడే కన్నుమూసిన మీర్జా ఫర్హతుల్లా బేగ్, తనకు చదువు చెప్పిన ఉర్దూ నవలాకారుడు డిప్యూటీ నజీర్ అహ్మద్ మీద రాసిన హాస్యచిత్రాన్ని ఉర్దూ పాఠకులు నేటికీ ఇష్టంగా చదువుతారు. గురువుగారి ఆకారం, ఇంట్లో వేసుకునే బట్టలు, డబ్బు దగ్గర ఆయన పట్టింపు, ఏదీ శిష్యుడు దాచలేదు. అయినా చదవడం పూర్తయ్యేసరికి ఆ గురువు మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. శిష్యుడు ఆయన దగ్గర కూర్చున్నాడు, ఆయన మాట తీరును చెవులతో పట్టుకున్నాడు, ఆయన చదువు లోతు ఎంతో కూడా పక్కనే చెప్పాడు, అందుకే అది సాధ్యమైంది. మన కాలంలో ముజ్తబా హుస్సేన్ గారు 1962లో సియాసత్ అనే ఉర్దూ పత్రికలో హాస్యం రాయడం మొదలుపెట్టి, స్నేహితుల మీద ఎన్నో వ్యక్తిచిత్రాలు రాసి, 2007లో పద్మశ్రీ అందుకున్నారు. నీకు ఉర్దూ రాకపోయినా, తరగతిలో వచ్చినవాళ్లు ఉన్నారు కదా, ఒక సాయంత్రం కూర్చుని చదివించుకో.

అయితే ఒక తేడా మరచిపోవద్దు. బేగ్ రచన వెలువడేనాటికి నజీర్ అహ్మద్ లోకంలో లేరు. పైగా ఆయన దేశమంతా పేరున్న పెద్దమనిషి, ఒక శిష్యుడు నవ్వించినంత మాత్రాన తరిగిపోయే పేరు కాదు అది. నువ్వు రాయబోయేది పదిహేడేళ్ల కుర్రవాళ్ల గురించి. అద్దంలో తమ ముఖాన్ని తామే ఇంకా పూర్తిగా ఒప్పుకోని వయసు అది. అందువల్ల శరీరం జోలికి వెళ్లవద్దు. పొడవు, పొట్టి, లావు, సన్నం, రంగు, పళ్లు, మొటిమలు, నత్తి, కళ్లద్దాల మందం, వీటిలో ఏదీ అతను ఎంచుకున్నది కాదు. నీ తాటిచెట్టు పంక్తులను నేను పక్కన పెట్టమనేది అందుకే. ఆ అన్నయ్య నవ్వుతూ ‘పర్వాలేదు తమ్ముడూ’ అంటాడు. మగపిల్లల బడిలో అలా అనకుండా ఉండడం ఎంత కష్టమో నీకు తెలుసు. అతను ఒప్పుకున్నాడన్నది నీకు అనుమతి కాదు. అదే అన్నయ్య ఎత్తును గురించి కాక, ఆ ఎత్తుతో చేసే పని గురించి రాయి: ప్రతి పదిహేను రోజులకూ కుర్చీ ఎక్కకుండానే తరగతి గడియారానికి సెల్లు మారుస్తాడు, ఆ వంకన గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు జరిపి చివరి పీరియడును త్వరగా ముగిస్తాడు. అది అతని తెలివి, అతని అల్లరి, అతను ఎంచుకున్న పని. దాని మీద ఎంత నవ్వినా అతనికి గర్వంగానే ఉంటుంది.

కులం, మతం, తండ్రి ఉద్యోగం, ఇంటి ఆస్తి, అప్పు, వీటి మాట ఎత్తనే వద్దు. మన ఊళ్లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ 1923లో మొదలైనప్పుడు దాని పేరు జాగీర్దార్ కాలేజీ. జాగీర్దార్ల కొడుకులు చదువుకోవడానికే దాన్ని పెట్టారు. జాగీర్దారీ రద్దయ్యాక ఆ తలుపులు అందరికీ తెరుచుకున్నాయి. ఇవాళ మన బడిలో ఒకే బెంచీ మీద డాక్టరుగారి అబ్బాయి, ఆటో నడిపే ఆయన కొడుకు పక్కపక్కన కూర్చుని ఒకే టిఫిన్ డబ్బాలో తింటున్నారు. ‘వీళ్ల నాన్న కారు’, ‘వీడి పాత బూట్లు’ అని నువ్వు రాసే ఒక్క పంక్తి, వాళ్లిద్దరూ ఏనాడూ పట్టించుకోని తేడాను వెళ్లిపోయే రోజున అచ్చులో చూపిస్తుంది.

మార్కుల మీద కూడా వద్దు. ఫలితాలు వచ్చే రోజుల్లో మన రాష్ట్రంలో ఎటువంటి వార్తలు వింటూ ఉంటామో నీకూ తెలుసు. బోర్డు పరీక్షలకు కొద్ది రోజుల ముందు అతని చేతికి అందబోయే పేజీ అది. అందులో ‘ఫ్లాప్’ అన్న మాట ఉండకూడదు. ఇక పక్క ఆడపిల్లల బడి బస్సు, ట్యూషన్ దగ్గర ఎవరితోనో మాటలు, ఇటువంటి ముచ్చట్లు నీ దగ్గరకు కావలసినన్ని వస్తాయి. వాటిలో ఇంకొక ఇంటి అమ్మాయి పేరు ముడిపడి ఉంటుంది, ఆ అమ్మాయి నీ పేజీకి ఒప్పుకోలేదు. అక్కడితో ఆ మాట ఆపు.

ముద్దుపేర్ల విషయంలో నా నియమం సులభమైనది. ఆ పేరుతో పిలిస్తే అతను తిరిగి చూడడం కాదు, తనను తాను ఆ పేరుతో చెప్పుకుంటాడా లేదా అన్నది చూడు. క్రికెట్ జట్టు పట్టికలో తన చేత్తో తానే రాసుకున్న పేరైతే వాడుకో. ఇతరులు బల్లమీద చెక్కిన పేరైతే వదిలేయి.

భాష గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊరి పిల్లల అందమంతా వాళ్ల మాటలోనే ఉంది. నీ తరగతిలో సిద్దిపేట మాట మాట్లాడేవాడు, గుంటూరు మాట మాట్లాడేవాడు, ఇంట్లో దక్కనీ ఉర్దూ, మరాఠీ, తమిళం మాట్లాడేవాళ్లు అందరూ ఉన్నారు. వాళ్లన్న మాటలను వాళ్లన్నట్టే రాయి. ‘ఏమైతది సార్, జర ఆగుండ్రి, ఇప్పుడే తెస్త’ అన్న మాటను ‘కొంచెం ఆగండి సార్, ఇప్పుడే తెస్తాను’ అని దిద్దితే అక్కడ మనిషి మాయమైపోతాడు. కానీ నవ్వు యాస మీద పడకూడదు, అతను తెస్తానన్నది మూడు వారాలైనా తేలేదన్న దాని మీద పడాలి. తెలంగాణ మాటను మొరటు మాటగా, నవ్వులాటకు పనికివచ్చే మాటగా చూపించిన కాలం చాలా ఏళ్లు నడిచింది. ఇప్పుడు కాళోజీ నారాయణరావు గారు పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున వేదిక ఎక్కి పద్యాలు చదివే బడి, ఫిబ్రవరి సంచికలో అదే మాటను వెక్కిరించకూడదు. గుంటూరు మాటకైనా, శ్రీకాకుళం మాటకైనా ఇదే వర్తిస్తుంది.

నేను పాఠం చెప్పిన ఒక అబ్బాయి పాతబస్తీ నుంచి వచ్చేవాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో ఉర్దూ. తెలుగు అతనికి పాఠ్యపుస్తకంలో మాత్రమే దొరికింది. అందుకని అతని తెలుగు అచ్చం పుస్తకంలోలాగే ఉండేది. మిగతా పిల్లలు ‘సార్, వాటర్’ అని పరుగెత్తిపోతుంటే, అతను లేచి నిలబడి, ‘అయ్యా, నేను మంచినీరు త్రాగి వచ్చెదను’ అనేవాడు. ఆ ఏటి సంచికలో అతని మీద రాసిన కుర్రవాడు ఎంత చక్కగా రాశాడో చూడు: ‘తెలుగు మాతృభాషగా గల మేము ముప్పైతొమ్మిది మందిమీ కలిసి ఆంగ్లంలో దాహం తీర్చుకోగా, మా తరగతిలో తెలుగులో మంచినీరు త్రాగినవాడు ఇతనొక్కడే.’ నవ్వు మొత్తం మిగతా ముప్పైతొమ్మిది మంది మీదికి తిరిగింది, గౌరవం అతనికి దక్కింది. 2018లో తెలుగును బడుల్లో తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చాక ఇటువంటి పిల్లలు ఇంకా ఎక్కువమంది నీకు కనిపిస్తారు. వాళ్లను రాసేటప్పుడు ఈ వాక్యాన్ని గుర్తు తెచ్చుకో.

రూపం విషయానికి వస్తే, ఎక్కువ చిత్రాలు మామూలు వచనంలోనే ఉండనీ. ఒక్కొక్కటి డెబ్బై ఎనభై మాటలు దాటనివ్వవద్దు. నలభైమందికి అదే మూడువేల మాటలు అవుతుంది, సంచికలో అంతకంటే చోటు దొరకదు. మధ్య మధ్య రూపం మార్చు. ఒకరిని హాజరుపట్టీ పద్ధతిలో రాయవచ్చు, ఒకరిని ప్రశ్నపత్రం పద్ధతిలో రాయవచ్చు. కోఠి నుంచి కొండాపూర్‌కు 127కె, మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్‌కు 49ఎం అని అడగకముందే దారి చెప్పే అన్నయ్య ఉంటే, అతన్ని బస్సు బోర్డు పద్ధతిలో రాయవచ్చు. ఏ రూపమైనా ఒక్కసారే వాడు, రెండోసారి అది అలవాటైపోయి నవ్వు రాదు.

పద్యం రాయగలిగితే తప్పక రాయి. మన వాళ్లు చాటుపద్యంలో నవ్వినంత పొదుపుగా వచనంలో నవ్వలేదు. నీకు ఆటవెలది సరిపోతుంది: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, ప్రాస నియమం లేదు. రోజూ ఆలస్యంగా వచ్చే ఒక సీనియరు మీద మా పిల్లలు నా దగ్గర కూర్చుని కట్టిన పద్యం ఇది:

గంట కొట్టినాక గడపలో నిలుచుండు
బస్సు మీద నేరభార ముంచి
ముందు వచ్చెనేని ముక్కున వేలుంచి
సెలవటంచు నెంచు సేవకుండు

ఇందులో బద్ధకస్తుడు అన్న మాట ఎక్కడా లేదు. అతను ముందుగా వచ్చిన ఒక్కరోజును చూపించి, మిగతా రోజులన్నీ మనమే ఊహించుకునేలా వదిలేశారు. పద్యం చదివాక ఆ విద్యార్థి అడిగినది ఒక్కటే, బస్సు నంబరు కూడా వేయవచ్చు కదా అని. ఛందస్సులో అంకె పట్టలేదు గానీ, ఫొటో కింద వేశాము.

బిరుదులు ఇచ్చే పద్ధతి నీకు నచ్చుతుందని తెలుసు. సభలో చప్పట్లు త్వరగా పడతాయి. అయినా నేను దాన్ని ఎక్కువగా ప్రోత్సహించను. బిరుదు రెండు మాటల్లో అయిపోతుంది, అందులో పిల్లవాడు పట్టడు, ఆ రెండు మాటలు మాత్రం పదేళ్ల తర్వాత కూడా అతని వెంట వస్తాయి.

ఇప్పుడు నా మనసులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. నలభైమందిలో పదిహేనుమంది మీద రాయడానికి నీకు ఏ కష్టమూ ఉండదు. స్కూల్ కెప్టెన్, గోల్‌కీపర్, వక్త, తబలా వాయించేవాడు, రోజూ బయట నిలబడేవాడు, వీళ్ల కథలు నీ దగ్గరకు వాటంతటవే నడిచి వస్తాయి. ఇంకొక పదిహేనుమంది కొంచెం వెతికితే దొరుకుతారు. మిగిలిన పదిమంది దగ్గర నీ కలం ఆగిపోతుంది. ‘ఇతను నెమ్మదస్తుడు, మితభాషి, అందరితో స్నేహంగా ఉంటాడు, భవిష్యత్తులో ఉన్నత శిఖరాలు అధిరోహించాలని కోరుకుంటున్నాము’ అన్న వాక్యం అప్పుడు నీ చేతిలోకి దానంతటది వచ్చేస్తుంది. ఆ వాక్యం ఒక్క అన్నయ్య కింద కూడా అచ్చు కాకూడదు. పన్నెండేళ్లు మన మధ్య కూర్చున్న మనిషిని మనలో ఒక్కరమూ చూడలేదని ఆ వాక్యం అందరి ముందూ ఒప్పుకుంటుంది. సంచిక చేతికి అందగానే ఏ పిల్లవాడైనా ముందు తిప్పేది తన పేజీయే. మాట్లాడే పిల్లలకు ఆ పేజీ ఒక సరదా, వాళ్ల గురించి ఊరంతా ఎప్పటినుంచో చెప్పుకుంటూనే ఉంది. మాట్లాడని పిల్లవాడికి మాత్రం తన గురించి ఇంకొకరు పనిగట్టుకుని రాసిన మొదటి నాలుగు వాక్యాలు అవే కావచ్చు.

ఒక ఏడు అటువంటి విద్యార్థి ఒకడి మీద రాయడానికి మా సంపాదకవర్గానికి ఏమీ దొరకలేదు. ఆటల్లో లేడు, పాటల్లో లేడు, దెబ్బలాటల్లోనూ లేడు. చివరికి ల్యాబ్ అటెండర్ ఒక మాట చెప్పాడు: నల్లబల్ల మీద కుడివైపు మూల తారీఖు రాసేది ఆ అబ్బాయే. ప్రార్థనకు ముందే వచ్చి, నిన్నటి తారీఖు తుడిచి, ఇవాళ్టిది రాసి, సుద్దముక్కను చెక్క అంచు మీద పెట్టి వెళ్లి కూర్చుంటాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గమనించలేదు. అతనికి జ్వరం వచ్చి రాని రోజున బల్ల మీద నిన్నటి తారీఖే సాయంత్రం దాకా ఉండిపోయింది, తరగతిలో సగంమంది ల్యాబ్ రికార్డుల్లో అదే తారీఖు వేసుకుని కెమిస్ట్రీ సార్ చేత చీవాట్లు తిన్నారు. పిల్లలు రాసినది ఇది: ‘మా తరగతిలో సూర్యుడు ఉదయించినా ఉదయించకపోయినా, ఇతను సుద్దముక్క పట్టుకున్నాకే తెల్లవారేది. ఇతనికి జ్వరం వచ్చిన రోజున కాలం ఆగిపోయిందని చెప్పడానికి మా రికార్డుల్లోని ఎర్రసిరా గీతలే సాక్ష్యం. ఇకముందు మన బడిలో తారీఖులు ఎవరు మారుస్తారో యాజమాన్యం వెంటనే ప్రకటించాలని కోరుతున్నాము.’ సభలో ఇది చదివినప్పుడు ముందు నవ్వు వచ్చింది, తర్వాత పిల్లలందరూ వెనక్కి తిరిగి అతను ఎక్కడ కూర్చున్నాడా అని వెతికారు. అతని చెవులు ఎర్రబడ్డాయి, తల వంచుకున్నాడు, కానీ నవ్వుతున్నాడు.

అటువంటి సంగతి ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. అమీర్‌పేటలో మెట్రో మారేటప్పుడు చిన్న తరగతుల పిల్లలను ఒక లెక్కగా ఎక్కించేది ఎవరో, పరీక్ష హాల్లోకి రెండు పెన్నులు అదనంగా తెచ్చేది ఎవరో, వర్షం పడితే కిటికీలు మూసేది ఎవరో అడుగు. కాబట్టి ఆ పదిమందివి ముందు రాయి. కథలు వాటంతటవే వచ్చే పదిహేనుమందిని చివరి వారానికి వదిలేయి, ఎంత అలసిపోయి ఉన్నా వాళ్లను రాయగలుగుతావు. కెప్టెన్‌కు ఎన్ని పంక్తులో చివరి బెంచీ మౌనికీ అన్నే పంక్తులు ఇవ్వు. ఫొటో కొలత కూడా అందరికీ ఒకటే ఉండాలి.

నవ్వులో మెచ్చుకోలు ఎంత ఉండాలని అడుగుతావేమో. పులిహోరలో ఇంగువంత ఉంటే చాలు. తగలాలి గానీ కనపడకూడదు. చివర ‘అయినా ఇతని మనసు బంగారం’ అని విడిగా ఒక వాక్యం అతికించవద్దు. మంచితనం ఉంటే అది ఆ చేసిన పనిలోనే తెలియాలి, తారీఖు రాసిన అబ్బాయి విషయంలో తెలిసినట్టు.

రాసినవన్నీ అచ్చుకు వెళ్లకముందు ఎవరి చిత్రాన్ని వాళ్లకు విడిగా చూపించు. దీని మీద నీ తోటి సంపాదకులు అభ్యంతరం చెబుతారు, ముందే చూపిస్తే సభలో ఆశ్చర్యం పోతుందంటారు. పోయేది ఆ ఒక్క పిల్లవాడి ఆశ్చర్యమే, మిగతా హాలుకు అది కొత్తదే కదా. అతను ఏదైనా మాట కొట్టేయమంటే కారణం అడగకుండా కొట్టేయి. ఒక మాట ఎందుకు గుచ్చుకుందో నలుగురి ముందు చెప్పుకోవలసి రావడం ఆ మాట కంటే ఎక్కువ బాధిస్తుంది. నా కాలంలో సంచిక బీరువాలో ఉండేది, ఎవరైనా చుట్టం వస్తే తీసి చూపించేవాళ్లు. ఇప్పుడు సభ ముగియకముందే పేజీలు ఫొటోలై అందరి ఫోన్లలోకి వెళ్తాయి. అమెరికాలో ఉన్న మేనత్త, రేపు ఉద్యోగం ఇచ్చే యజమాని కూడా దాన్ని చూడవచ్చు. కాబట్టి ఇప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ఇక పని లెక్క చూసుకో. జనవరి వచ్చిందంటే వాళ్లకు ప్రాక్టికల్స్ మొదలవుతాయి, ఫిబ్రవరి మధ్యలో బోర్డు పరీక్షలు. ఆ తర్వాత వాళ్లు నీకు దొరకరు, దొరికినా నవ్వే స్థితిలో ఉండరు. చూడడం జూలైలోనే మొదలుపెట్టి, దసరా సెలవుల్లో మొదటి ప్రతులు రాసి, నవంబరులో వాళ్లకు చూపించి, డిసెంబరులో ప్రెస్సుకు పంపితే వీడ్కోలు సభనాటికి సంచిక చేతిలో ఉంటుంది. సభలో చదివేవాడిని వేరే ఎంచుకో. రాసినవాడు చదివితే తన నవ్వు తానే ముందు నవ్వేస్తాడు. చదివేవాడు ప్రతి పేరు తర్వాత ఒక క్షణం ఆగాలి, నవ్వు వచ్చినప్పుడు అది తగ్గేదాకా తర్వాతి వాక్యం ఎత్తకూడదు. హాల్లో తెలుగు అంతగా రాని తల్లిదండ్రులు కూడా ఉంటారు గనుక వాక్యాలు పొట్టిగా, మాటలు తేలికగా ఉండాలి. ప్రూఫులు వచ్చాక ఇంటిపేర్లను హాజరుపట్టీతో పోల్చి నువ్వే సరిచూడు, ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయేది అక్కడే.

ఆ పదిమంది చిత్రాలు పూర్తికాగానే నాకు పంపించు. టైపు చేయనక్కరలేదు, నోటుపుస్తకంలో రాసినవే ఫొటో తీసి మీ సార్ ఫోన్ నుంచి పంపినా చదువుకుంటాను. తాటిచెట్టు అన్నయ్య మీద మళ్లీ రాసినది కూడా వాటితో కలిపి పంపు. గడియారం సంగతి నిజమో కాదో ముందు వాచ్‌మన్‌ను అడిగి కనుక్కో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
మీ పాత తెలుగు సార్